పాత అమెరికన్ కార్లలో దేని డోరు దేనికి సరిపోతుంది?

క్లుప్తంగా: 1950ల నుంచి 70ల దాకా అమెరికాలో ఒకే కంపెనీ వేర్వేరు పేర్లతో అమ్మిన కార్లలో చాలావాటికి లోపలి బాడీ ఒక్కటే. కంపెనీ ఎక్కడ అచ్చుల ఖర్చు మిగుల్చుకుందో అక్కడి భాగాలు ఒక కారు నుంచి మరో కారుకు మారతాయి. బ్రాండు మొహం కనిపించాల్సిన చోట మారవు. పేరు, పొడవు, చూడ్డానికి ఒకేలా ఉండటం అనే మూడు గుర్తులూ తరచూ తప్పుదారి పట్టిస్తాయి. బాడీ మార్చినా ఛాసిస్ నంబరు జోలికి వెళ్లకూడదు. భారత్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ షెల్ విషయంలో నిబంధన ఇంకా కఠినం.

1967 షెవ్రొలే కమారో డోరు అదే ఏడాది పాంటియాక్ ఫైర్‌బర్డ్‌కు పడుతుంది. అదే 1967 కమారో డోరును 1968 కమారోకు బిగించబోతే మాత్రం అద్దం దగ్గర పని చెడుతుంది. బ్రాండు మారినా సరిపోయింది, ఏడాది మారితే సరిపోలేదు. పాత కార్లను బాగుచేసే వీడియోలు చూసి ఈ రంగం మీద ఆసక్తి పెంచుకున్నవారిని మొదట తికమకపెట్టేది ఇదే. విడిభాగాల ప్రకటనల్లో '67-68కి మాత్రమే', '69కి వద్దు', 'రెండు డోర్ల కారుకే' లాంటి షరతులు కనిపిస్తాయి. వాటికి కారణం మాత్రం ఎవరూ రాయరు. కారణం తెలియాలంటే కారును కాదు, దాన్ని తయారుచేసిన అచ్చును చూడాలి.

## అంతా అచ్చుల ఖర్చులోనే ఉంది

కారు బయటి రేకు ఒక్క దెబ్బతో తయారు కాదు. చదునైన ఉక్కు రేకును ముందు ఒక అచ్చులో సాగదీసి ఆకారం తెస్తారు. తర్వాత అంచులు కత్తిరించడానికి ఒక అచ్చు, వాటిని మడవడానికి మరొకటి, రంధ్రాలు వేయడానికి ఇంకొకటి కావాలి. ఒక్కో రేకుకు ఇలా నాలుగైదు అచ్చులు. ఒక కారులో పెద్దవీ చిన్నవీ కలిపి ఇలాంటి రేకులు ఎన్నో. రేకు ఖరీదు పెద్ద లెక్కలోది కాదు, అచ్చుల ఖరీదే భారం. లక్షల కార్ల మీద పంచితే తప్ప అది గిట్టుబాటు కాదు.

ఈ లెక్కను అందరికంటే ముందు వంటబట్టించుకున్నది జనరల్ మోటార్స్. బాడీలు తయారుచేసే ఫిషర్ బాడీ కంపెనీలో 1919లో 60 శాతం వాటా కొని, 1926లో మొత్తం సొంతం చేసుకుంది. షెవ్రొలే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్, కాడిలాక్ అంటూ జేబు బరువును బట్టి ఒక్కో మెట్టు ఎక్కించే వ్యాపార పద్ధతి కంపెనీ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్‌ది. మెట్టు మెట్టుకూ కారు వేరుగా కనిపించాలి, కానీ ప్రతి మెట్టుకూ వేరే బాడీ పెడితే లాభం అచ్చులకే పోతుంది. 1926లో వచ్చిన పాంటియాక్‌ను వీలైనంత మేరకు షెవ్రొలే విడిభాగాలతో కలిసేలా రూపొందించడం ఈ ఆలోచనకు తొలి పెద్ద పరీక్ష. అది నెగ్గింది.

దీనికి తోడు ఏటా కారు రూపం మార్చాలన్న ఒత్తిడి. 1927లో హార్లీ అర్ల్ చేతిలో మొదలైన డిజైన్ విభాగం ఈ పనికి కేంద్రమైంది. ఏటా అంతా మార్చడం సాధ్యం కాదు కాబట్టి, చవగ్గా మారేవాటిని తరచుగా, ఖరీదైనవాటిని అరుదుగా మార్చారు. గ్రిల్, బంపరు, టెయిల్ లైట్లు, బానెట్, ముందు మడ్‌గార్డులు మొదటి రకం. ఫ్లోరు, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ, ముందు అద్దం కింద ఉండే కౌల్ అనే ఉక్కు కట్టు, టాప్ రెండో రకం. అన్నిటికంటే కదిలించడానికి కష్టమైంది కౌల్. ముందు అద్దం, డాష్‌బోర్డు, స్టీరింగు, డోరు కీళ్లు అన్నీ దాని చుట్టూనే ఉంటాయి. దాన్ని మారిస్తే ఇవన్నీ మార్చాలి.

కాబట్టి ఒకే కుటుంబానికి చెందిన రెండు కార్లలో కౌల్ నుంచి వెనక అద్దం దాకా ఉన్న మధ్యభాగం కలిసే అవకాశం ఎక్కువ. కౌల్‌కు ముందు, వెనక అద్దం తర్వాత ఉండే కొసలు కలిసే అవకాశం తక్కువ. నేటి మారుతీ బలెనో, టొయోటా గ్లాంజా జంటను గుర్తు తెచ్చుకుంటే విషయం సులువుగా పట్టుబడుతుంది. అయితే ఆ రోజుల్లో బ్రాండ్ల మధ్య తేడా చూపించడానికి ఇంతకంటే చాలా ఎక్కువ రేకు మార్చేవారు.

## కమారో, ఫైర్‌బర్డ్: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

1967 మోడల్‌గా వచ్చిన ఈ రెండు కార్లు జనరల్ మోటార్స్ ఎఫ్-బాడీ మీద తయారయ్యాయి. ఒక్కో బాడీ కుటుంబానికి కంపెనీ ఇలా ఒక్కో అక్షరం పెట్టుకుంది. టాప్, ఫ్లోరు, డిక్కీ ఫ్లోరు, డిక్కీ మూత రెండింటికీ ఒకటే. డోర్లూ కలుస్తాయి. ముందు మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్ చుట్టూ ఉన్నదంతా మాత్రం ఎవరిది వారిదే, ఎందుకంటే పాంటియాక్ ముక్కు లేకపోతే అది పాంటియాక్ కాదు. వెనక చక్రం మీదుగా టెయిల్ లైటు దాకా సాగే పెద్ద రేకును క్వార్టర్ ప్యానెల్ అంటారు. అది రెండు కార్లలోనూ చాలా దూరం ఒకేలా సాగి, చివర్లో విడిపోతుంది. ఫైర్‌బర్డ్‌కు సన్నని గీతల్లాంటి టెయిల్ లైట్లు, కమారోకు వేరే ఆకారం. ఆ చివరి భాగంలో కోసి అతకకుండా ఒకదాని రేకు మరోదానికి నప్పదు.

1968కి వచ్చేసరికి రెండు మార్పులు జరిగాయి. మొదటిది డోరులో. 1967 కారు డోరు అద్దానికి ముందు తిప్పి తెరిచే చిన్న మూడు మూలల అద్దం ఉండేది. 1968లో దాన్ని తీసేసి, డాష్‌బోర్డు నుంచి గాలి వచ్చే కొత్త ఏర్పాటు పెట్టారు. అందువల్ల డోరు బయటి రేకు రెండేళ్లకూ ఒకటే అయినా లోపలి నిర్మాణం, అద్దం నడిచే దారి మారిపోయాయి. ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్మే డోరు రేకుల మీద '67-68' అని కలిపి ఉంటుంది, పూర్తి డోర్లు మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాదే అమ్ముతారు. ఈ తేడా గమనించక పూర్తి డోరు తెప్పించుకుని తల పట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

రెండోది చట్టం వల్ల వచ్చింది. 1968 జనవరి 1 నుంచి అమెరికా ఫెడరల్ భద్రతా నిబంధనల ప్రకారం కార్లకు పక్కల నుంచి కనిపించే మార్కర్ లైట్లో రిఫ్లెక్టర్లో ఉండాలి. కమారో ముందు మడ్‌గార్డులో, వెనక రేకులో వాటి కోసం రంధ్రాలు వచ్చాయి. 1968 మడ్‌గార్డును 1967 కారుకు పెడితే రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చాలి, 1967ది 1968కి పెడితే కొత్తగా కోయాలి. ఫైర్‌బర్డ్ వెనక మార్కర్ లైటైతే పాంటియాక్ చిహ్నమైన బాణం మొన ఆకారంలోనే ఉంటుంది. రంధ్రం ఆకారం కూడా బ్రాండును బట్టి మారిందన్నమాట.

1969 కమారో మీద మరో అపోహ ఉంది. మొదటి తరం అంటే 1967-69 కాబట్టి మూడేళ్ల రేకులూ ఒకటే అనుకుంటారు. నిజానికి 1969లో బానెట్, డిక్కీ మూత తప్ప బయటి రేకు దాదాపు అంతా మారింది. చక్రాల మీది ఒంపులు గుండ్రదనం పోగొట్టుకుని పైన చదునయ్యాయి, పక్కన గీత వచ్చింది. అయినా కింద ఫ్లోరు పాతదే.

పైకి కనిపించని భాగాల్లో బంధుత్వం ఇంకా దూరం వెళ్తుంది. 1968లో వచ్చిన షెవ్రొలే నోవాకు, మొదటి తరం కమారోకు ముందు సబ్‌ఫ్రేమ్, అంటే ఇంజిన్‌ను మోసే ముందు చట్రం, అమరిక ఒకటే. ఈ నోవా బాడీని తర్వాత మిగతా బ్రాండ్లూ పంచుకున్నాయి. ఓల్డ్స్‌మొబైల్ ఒమేగా, పాంటియాక్ వెంచురా, బ్యూక్ అపోలో అన్నీ దాని తోబుట్టువులే. నోవాతో కలిపి ఈ నాలుగు పేర్ల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు వరుసగా పేరిస్తే మళ్లీ నోవా అనే వస్తుంది. కంపెనీ చతురో యాదృచ్ఛికమో గానీ, బంధువులెవరో గుర్తుంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

## ఒకే అక్షరం, వేర్వేరు కార్లు

ఎ-బాడీ, బి-బాడీ అనే అక్షరాలను చూసి నమ్మేయకూడదు. క్రైస్లర్ ఎ-బాడీకీ జనరల్ మోటార్స్ ఎ-బాడీకీ ఏ సంబంధమూ లేదు. జనరల్ మోటార్స్‌లోనే 1955-57 ఎ-బాడీ వేరు, 1964 నుంచి వచ్చిన మధ్యస్థాయి కార్ల ఎ-బాడీ వేరు.

రెండోది నేటి సంగ్రాహకులకు ప్రాణం. షెవ్రొలే షెవెల్, పాంటియాక్ లెమాన్స్-జీటీఓ, ఓల్డ్స్‌మొబైల్ కట్లస్, బ్యూక్ స్కైలార్క్ దీని మీదే వచ్చాయి. 1964-67 మధ్య అన్నిటి వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 115 అంగుళాలు. 1968లో కొత్త బాడీ వచ్చినప్పుడు రెండు డోర్ల కార్లకు 112, నాలుగు డోర్ల కార్లకు 116 అయింది. ఈ ఒక్క మార్పుతో ఒకే పేరున్న షెవెల్‌లోనే రెండు డోర్లదీ నాలుగు డోర్లదీ దూరమయ్యాయి. రెండు డోర్ల షెవెల్‌కు నాలుగు డోర్ల షెవెల్ కంటే రెండు డోర్ల కట్లసే దగ్గరి చుట్టం. కౌల్, ముందు అద్దం, ఫ్లోరు అక్కడి నుంచి వస్తాయి. డోరు బయటి రేకు మాత్రం రాదు, పక్కల ఒంపులు బ్రాండు బ్రాండుకూ మార్చారు.

ఇక్కడా మినహాయింపు ఉంది. 1970-72 కట్లస్‌లలో ఏటవాలు వెనక భాగం ఉన్న కట్లస్ ఎస్ ఒకటి, నిటారు వెనక అద్దంతో కట్లస్ సుప్రీమ్ మరొకటి. ఒకే బ్రాండు, ఒకే ఏడాది, రెండూ రెండు డోర్లవే, అయినా టాపులు వేరు. ఖరీదైన కారుగా చూపించాలనుకున్న చోట కంపెనీ అచ్చుకు డబ్బు పెట్టింది.

సరిహద్దు దాటితే లెక్క మళ్లీ మారుతుంది. కెనడాలో 1966-69 మధ్య బోమాంట్ అనే కారు అమ్మారు. అది షెవెల్ బాడీకి వేరే గ్రిల్, వేరే టెయిల్ లైట్లు పెట్టిన కారు. అక్కడి పెద్ద పాంటియాక్‌లు కూడా అమెరికా పాంటియాక్ ఛాసిస్ మీద కాకుండా షెవ్రొలే ఛాసిస్ మీద కూర్చునేవి. పాంటియాక్ అని రాసి ఉంది కదా అని అమెరికా పాంటియాక్ ఛాసిస్ సామాను తెప్పిస్తే కెనడా కారుకు కుదరదు.

## ఏడాదికే అనాథలైన కార్లు

అచ్చులు ఎంతకాలం బతికాయన్నది విడిభాగాల లభ్యతను నేరుగా నిర్ణయిస్తుంది. 1955, 56, 57 షెవ్రొలేలది మూడేళ్ల పాటు ఒకే మూల బాడీ. అదే బాడీ పాంటియాక్‌కూ వెళ్లింది. అందులో అందమైన కేసు రెండు డోర్ల వ్యాగన్లు, షెవ్రొలే నోమాడ్, పాంటియాక్ సఫారీ. వెనక్కి వాలిన కిటికీ స్తంభం, గీతలున్న టాప్ ఈ రెండింటికే ప్రత్యేకం. మామూలు షెవ్రొలే సెడాన్ నుంచి నోమాడ్‌కు డోరు రాదు, సఫారీ నుంచి టాపూ అద్దాలూ వస్తాయి. రెండూ అరుదైన కార్లే కావడంతో ఒకదాన్ని బతికించడానికి మరోదాన్ని విప్పేయాలా అన్న చర్చ సంగ్రాహకుల్లో తప్పదు.

1958 కథ దీనికి పూర్తి భిన్నం. ఆ ఏడాది జనరల్ మోటార్స్ కొత్త బాడీ తెచ్చింది. కానీ అప్పటికే క్రైస్లర్ 1957 కార్లు పొడవాటి తోకరెక్కలతో, కిందికి దిగిన రూపంతో జనాన్ని ఆకట్టుకున్నాయి. జనరల్ మోటార్స్ డిజైనర్లు కంగారుపడి 1959 కోసం అప్పటిదాకా వేసుకున్న ప్రణాళికను పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టారు. ఫలితంగా 1958 షెవ్రొలే బాడీ ఒక్క ఏడాదితో ఆగిపోయింది. ముందు ఏడాదిదీ తర్వాతి ఏడాదిదీ ఏదీ దానికి పట్టదు. ఇటు 1959లో ఐదు బ్రాండ్లకూ ఒకే మూల బాడీ, బ్యూక్ ముందు డోరు రూపమే అందరికీ ఆధారం. చూపరులకు 1959 షెవ్రొలే, కాడిలాక్ వేరే లోకాల కార్లలా అనిపిస్తాయి. మధ్యలో డోరు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ముందూ వెనకా మూసి చూస్తే పోలిక తెలిసిపోతుంది.

ఫోర్డ్ మస్టాంగ్ విషయంలో మోసం చేసేది వీల్‌బేస్. 1965, 66 కార్లకు 108 అంగుళాలు, 1967కీ 108 అంగుళాలే. కానీ 1967లో 390 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్ పట్టేలా కారును వెడల్పు చేశారు. ఆ దెబ్బతో 1966 మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్ 1967కి పనికిరాకుండా పోయాయి. అదే 1967లో మస్టాంగ్ ఆధారంగా ఫోర్డ్ సొంత బ్రాండు మెర్క్యురీ పేరుతో వచ్చిన కూగర్ వీల్‌బేస్ 111 అంగుళాలు. లోపలి మెకానికల్ భాగాల్లో చుట్టరికం ఉన్నా బయటి రేకులో లేదు.

## క్రైస్లర్‌లో ఇచ్చిపుచ్చుకున్న కొసలు

ముక్కు ఒకరిది, వీపు మరొకరిది అనే లెక్క తేటగా కనిపించేది క్రైస్లర్ ఎ-బాడీలో. 1970లో ప్లిమత్ విభాగం తన మామూలు వాలియంట్ ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనక కొత్త రెండు డోర్ల బాడీ తగిలించి డస్టర్ తెచ్చింది. అది బాగా అమ్ముడుపోయింది. తోటి విభాగం డాడ్జ్ తనకూ అది కావాలంది. 1971లో డస్టర్ బాడీకి డాడ్జ్ డార్ట్ ముక్కు పెట్టి డీమన్ పేరుతో అమ్మారు. దయ్యం పేరేమిటని క్రైస్తవ వర్గాల నుంచి అభ్యంతరాలు రావడంతో 1973లో దాన్నే డార్ట్ స్పోర్ట్ అన్నారు. బదులుగా ప్లిమత్‌కు డార్ట్ స్వింగర్ బాడీ దక్కింది. దానికి వాలియంట్ ముక్కు పెడితే స్కాంప్ అయింది.

ఇప్పుడు ఒకరి దగ్గర 1972 స్కాంప్ ఉందనుకుందాం. ఎడమ ముందు మడ్‌గార్డు తుప్పు పట్టింది, కుడివైపు వెనక రేకు పోయింది. మడ్‌గార్డు కోసం డస్టర్ వెతకాలి, వెనక రేకు కోసం డార్ట్ స్వింగర్ వెతకాలి. 'ప్లిమత్ కారు కదా' అని వెనక రేకు కూడా డస్టర్ నుంచే తెస్తే అస్సలు కుదరదు. డస్టర్ వీల్‌బేస్ 108, స్కాంప్‌ది 111. ఆ మూడు అంగుళాల తేడా అంతా వెనకభాగంలోనే ఉంది, ముందు ఏమీ మారలేదు. అందుకే డార్ట్ మడ్‌గార్డు 108 అంగుళాల డీమన్‌కు ఇబ్బంది లేకుండా పట్టింది. వీల్‌బేస్ ఎంత అన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, తేడాను ఎక్కడ పెట్టారన్నదే అసలు ప్రశ్న.

డస్టర్‌కు డార్ట్ ముక్కు తగిలించడం కూడా సాధ్యమే, కంపెనీయే చేసి చూపించింది కదా. అయితే ఒక్క మడ్‌గార్డు మారిస్తే సరిపోదు. రెండు మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్, బంపరు అన్నీ ఒక సెట్టుగా కదలాలి.

అదే కంపెనీ 1970లో తెచ్చిన ప్లిమత్ బరాకుడా, డాడ్జ్ చాలెంజర్‌లది వ్యతిరేక ఉదాహరణ. దూరం నుంచి చూస్తే కవలలు. బరాకుడా 108 అంగుళాలు, చాలెంజర్ 110. కౌల్ లాంటి లోపలి నిర్మాణం కలిసినా బయటి పెద్ద రేకులు ఒకదానివి మరోదానికి పట్టవు. ఒకేలా కనిపించే కార్ల కోసం రెండు సెట్ల అచ్చులు పోయించడం ఖర్చు దృష్ట్యా వింత నిర్ణయమే. దాని భారం ఇప్పుడు యజమానుల మీద పడుతోంది.

చిన్న కంపెనీలకు ఇంత విలాసం లేదు. స్టుడిబేకర్ 1953 నాటి సెడాన్ మధ్యభాగాన్ని ఉంచుకుని, ముందూ వెనకా కోసేసి 1959లో లార్క్ అనే చిన్న కారు చేసింది. అమెరికన్ మోటార్స్ 1970లో హార్నెట్ తెచ్చి, వెంటనే దాని వీల్‌బేస్‌ను 108 నుంచి 96 అంగుళాలకు తగ్గించి గ్రెమ్లిన్‌గా అమ్మింది. డోర్ల దాకా ముందు భాగం హార్నెట్‌దే. అంతకుముందు 1966లో కావలియర్ పేరుతో ప్రదర్శించిన నమూనా కారులో ఇంకో అడుగు వేసింది. ఎడమ ముందు డోరు కుడి వెనక డోరుగా పనికొచ్చేలా, బానెట్టూ డిక్కీ మూతా ఒకటే అయ్యేలా చేసింది. ఆ స్థాయి మార్పిడి అమ్మకపు కారుగా రాలేదు.

## బోల్టు విప్పితే వచ్చేది, వెల్డింగ్ తొలగిస్తేనే వచ్చేది

భాగం కలుస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని మార్చడానికి ఎంత పని అన్నది మరో ప్రశ్న. ముందు మడ్‌గార్డులు, బానెట్, డోర్లు, డిక్కీ మూత బోల్టులతో ఉంటాయి. పానాలు పట్టుకోవడం వచ్చినవారు విప్పి బిగించగలరు. టాప్, వెనక పక్క రేకు, ఫ్లోరు వెల్డింగ్‌తో కలిసి ఉంటాయి. పాత కారు నుంచి టాప్ రేకు తీయాలంటే అంచు వెంట ఉన్న స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలగించాలి. టాపూ వెనక రేకూ కలిసేచోట ఫ్యాక్టరీలో సీసం కరిగించి పూడ్చి నున్నగా రాసేవారు, దాన్నీ వేడిచేసి దించాలి.

డోరు సంగతి మధ్యస్థం. దానికి లోపలి చట్రం ఒకటి, బయటి రేకు ఒకటి, అంచుల్లో రేకును చట్రం మీదికి మడిచి బిగిస్తారు. కాబట్టి పూర్తి డోరు కలవకపోయినా పని ముగిసినట్టు కాదు. చట్రం కలిస్తే పాత రేకు ఊడదీసి కొత్తది మడవచ్చు. అదీ కుదరకపోతే అద్దం ఎత్తే యంత్రం, కీళ్లు, తాళం లాంటివి మిగులుతాయి. జనరల్ మోటార్స్ కుటుంబ కార్లలో ఈ చిన్న సామాను పెద్ద రేకుల కంటే ఎక్కువగా కలుస్తుంది.

సరిగ్గా అదే భాగం తెచ్చినా ఒక్క పట్టున కూర్చోదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలోనే సందులు సరిచేయడానికి బోల్టుల కింద షిమ్ములు అనే పలుచని రేకు ముక్కల పేర్పు పెట్టేవారు. ఒక కారుకు మూడు పడితే పక్క కారుకు ఒకటే. అనుభవమున్న టింకరు పని వెనక నుంచి మొదలుపెడతాడు. కదలని వెనక రేకును ఆధారంగా తీసుకుని ముందు డోరు సందు సరిచేస్తాడు. డోరు కుదిరాక దానికి మడ్‌గార్డును, మడ్‌గార్డులకు బానెట్‌ను కుదురుస్తాడు. బానెట్ నుంచి మొదలుపెడితే చివరికి డోరు దగ్గర తప్పంతా పోగుపడుతుంది, అక్కడ సర్దడానికి చోటు ఉండదు.

ఏది దేనికి పడుతుందో ముందే తెలుసుకునే మార్గాలు ఉన్నాయి. అమెరికా స్క్రాప్ యార్డులు 1930ల నుంచీ హాలండర్ ఇంటర్‌చేంజ్ సంపుటాల మీద ఆధారపడ్డాయి. ఒకే నంబరు కింద వచ్చే భాగాలన్నీ ఒకదానికొకటి పనికొస్తాయన్నది వాటి పద్ధతి. రెండో ఆధారం ఫిషర్ బాడీ పలక. ఇంజిన్ గదిలో గోడకు బిగించిన ఆ పలక మీద 1967 కమారో కూపేకు 12437 అని, ఫైర్‌బర్డ్ కూపేకు 22337 అని ఉంటుంది. మొదటి అంకె బ్రాండు: 1 షెవ్రొలే, 2 పాంటియాక్, 3 ఓల్డ్స్‌మొబైల్, 4 బ్యూక్, 6 కాడిలాక్. చివరి రెండంకెలు బాడీ రకం: 37 అంటే రెండు డోర్ల హార్డ్‌టాప్ (కిటికీల మధ్య స్తంభం లేనిది), 67 అంటే టాప్ మడిచే కన్వర్టిబుల్. ఈ 67ను తయారీ ఏడాది అనుకుని పొరబడేవారున్నారు. కన్వర్టిబుల్, కూపేల వెనక పక్క రేకులు పై అంచులో వేరు కాబట్టి ఈ రెండంకెల పొరపాటు ఖరీదైనది.

## కొత్త రేకులు రావడంతో మారిన లెక్క

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి కార్లు కింద నుంచి తినేసుకుపోతాయి. అందుకే ఒకప్పుడు అరిజోనా లాంటి పొడి ప్రాంతాల స్క్రాప్ యార్డుల రేకుకు గిరాకీ. ఇప్పుడు కమారో, మస్టాంగ్‌లకు దాదాపు ప్రతి రేకూ కొత్తగా తయారై దొరుకుతోంది, డైనాకార్న్ లాంటి కంపెనీలు మొత్తం బాడీ షెల్లులే అమ్ముతున్నాయి. ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్‌లకు అంత మార్కెట్ లేదు, అచ్చు ఖర్చు రాదు. ఒకప్పుడు కంపెనీని శాసించిన లెక్కే ఇప్పుడు రేకుల వ్యాపారినీ శాసిస్తోంది. దీనివల్ల తక్కువ పేరున్న కార్ల యజమానులు షెవ్రొలే కోసం తయారైన ఫ్లోర్లు, డిక్కీ ఫ్లోర్లు కొని తమ కార్లకు వాడుకుంటున్నారు. 1967-69 ఫైర్‌బర్డ్ ఫ్లోరుకు కమారో ఫ్లోరు నేరుగా పనికొస్తుంది. ముక్కు, తోక భాగాల కోసం మాత్రం పాత కార్ల వేట తప్పదు, వాటి ధరలు పెరగడానికి కారణం అదే.

మార్పిడి సులువైనందువల్లే అనుమానాలూ పెరిగాయి. మామూలు లెమాన్స్‌కు దాని శక్తిమంతమైన రూపమైన జీటీఓ బానెట్, గ్రిల్, చిహ్నాలు తగిలిస్తే పైకి జీటీఓ అయిపోతుంది. అలా చేశానని చెప్పి అమ్మితే తప్పు లేదు, దాచి అమ్మితే మోసం. 1966 నుంచి 71 వరకు అసలు జీటీఓ ఛాసిస్ నంబరు 242తో మొదలవుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. 1964-65లో జీటీఓ అనేది లెమాన్స్‌కు ఒక ఆప్షన్ మాత్రమే. షెవెల్ ఎస్ఎస్ కూడా 1969 నుంచి ఆప్షనే. అలాంటి కార్లలో నంబరు ఏమీ చెప్పదు, ఫ్యాక్టరీ కాగితాలే సాక్ష్యం. ఛాసిస్ నంబరు పలకను ఒక కారు నుంచి తీసి మరో బాడీకి బిగించి కారు గుర్తింపు మార్చడం వేరే స్థాయి వ్యవహారం. అమెరికా ఫెడరల్ చట్టం కింద అది 5 ఏళ్ల దాకా జైలు పడే నేరం.

## భారత్‌లోని పాత అమెరికన్ కార్లకు

ఈ దేశంలో మిగిలిన అమెరికన్ కార్లలో చాలావాటికి ఇక్కడి బిగింపు చరిత్ర ఉంది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ప్లాంటు తెరిచింది. ఫోర్డ్ బొంబాయి, కలకత్తాలతో పాటు మద్రాసులోనూ కార్లు బిగించింది. స్వాతంత్ర్యం తర్వాత విడిభాగాలు ఇక్కడే తయారుచేయాలన్న ప్రభుత్వ విధానంతో 1950ల మధ్యకల్లా రెండూ వెళ్లిపోయాయి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ మాత్రం క్రైస్లర్‌తో ఒప్పందం మీద ప్లిమత్, డాడ్జ్, డిసోటో పేర్లతో కార్లు బిగించింది.

విడిభాగాలు వెతికేవారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ఎగుమతి మార్కెట్లకు వచ్చిన డాడ్జ్ కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ రెండూ నిజానికి ప్లిమత్ బాడీకి వేరే గ్రిల్, చిహ్నాలు పెట్టిన కార్లు. 1950ల మొదట్లో అమెరికాలో అమ్మిన అసలు డాడ్జ్ వీటికంటే పెద్దది, బాడీ వేరు. కింగ్స్‌వే డోరు కోసం అమెరికాలో డాడ్జ్ సామాను వెతికితే డబ్బు దండగ. అదే ఏడాది ప్లిమత్‌ను వెతకాలి. గ్రిల్, ముందు చిహ్నాలు మాత్రం ప్లిమత్‌లో ఉండవు, వాటికి మరో కింగ్స్‌వే దొరకాల్సిందే.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోవాలి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాన్నే వింటేజ్‌గా గుర్తిస్తారు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. నంబరు పలక మీద రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు రుసుము. తుప్పు పట్టిన మడ్‌గార్డు తీసి అదే మోడల్‌ది వేస్తే అది మరమ్మతు కిందికే వస్తుంది. అమెరికాలో మామూలైపోయినట్టు మొత్తం బాడీ షెల్ తెప్పించి మారిస్తే ఆ వింటేజ్ గుర్తింపే చిక్కులో పడుతుంది.